పదకొండేళ్ళ పట్టుచీర, ఒక అగ్గిపుల్ల

ఈ సంతోషం రేపటిదాకా ఆగేలా లేదు, ఇప్పుడే రాసేస్తున్నాను!

రేపు మా అమ్మాయికి సైన్స్ పరీక్ష. భౌతిక మార్పుకీ రసాయన మార్పుకీ తేడా ఎంత చెప్పినా దానికి ఎక్కడం లేదు. ఇంతలో మగ్గాల కార్ఖానాలో పనిచేసే మా అన్నయ్య వచ్చి, చేసి చూపిస్తానని అగ్గిపెట్టె అడిగాడు. దారం ఏ రకమో వాళ్ళు కాల్చి చూసి చెప్పేస్తారు.

ముందు అమ్మాయి పాలిస్టర్ చున్నీలోంచి ఒక పోగు తీసి మంట దగ్గర పెట్టాడు. అది కరిగి, పూసలా గట్టిపడింది. తర్వాత నా పట్టుచీర కుచ్చులోంచి ఒక పోగు తీశాడు. సూరత్ వచ్చిన కొత్తలో మా ఆయన కొన్న చీర అది. “పట్టు అని చెప్పి మీకు పాలిస్టర్ అంటగట్టారు” అని పదకొండేళ్ళుగా ఆయన్ని దెప్పుతున్నాను.

పోగు అంటుకుంది. జుట్టు కాలిన వాసన వచ్చి, చిటికెడు బూడిద మిగిలింది.

“పూసను ఎచ్చజేస్తె మల్ల కరుగుతది బిడ్డా. గీ బూడిదను మల్ల దారం జేస్తవా?”

“నహీ మామా! ఇది కెమికల్!”

“గంతే. చెల్లె, గిది అసలు పట్టే!”

అమ్మాయి కంటే నేనే గట్టిగా కేకేశాను. మా ఆయన మాత్రం చిన్నగా నవ్వారు.

పదకొండేళ్ళుగా నేను ఆయన్ని అన్న మాటలు ఏ మార్పు కిందకి వస్తాయో, మీలో ఎవరైనా చెప్పండి!