జపాను అత్తను తిట్టిన నోళ్లు

మా చిన్నప్పుడు... టీవీలో వచ్చే ఒక జపాను సీరియల్‌లోని అత్త మీద హుస్నాబాద్‌లోని మా వాడ ఆడవాళ్లంతా పగబట్టారు.

వాడ మొత్తానికి ఒకటే టీవీ. లచ్చవ్వ పెద్దమ్మ కొడుకు దుబాయి నుంచి తెచ్చింది. సీరియల్ వేళకు బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని అందరూ పెద్దమ్మ ఇంట్లోనే... చేతులు తునికాకుతో బీడీలు చుడుతుండేవి, కళ్లు తెర మీద. మాటలు హిందీలో, ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేవి కావు. మొహాలు చూసి కథ అల్లుకునేవాళ్లు.

"గా ముసల్దాని కండ్లు సూడున్రి... రెప్ప కొడుతలేదు. కోడలిని గట్లనే మింగుతది."

"యాక్టింగ్ అంటే గట్లుండాలె. నాకైతే చాట ఇసిరి కొట్టబుద్ధైతుంది!"

"కొట్టు కొట్టు... కొత్త టీవీ కొనిస్తవా మల్ల?"

కోడలు వేషం వేసినామె గడ్డం వణికితే చాలు, వీళ్లకు కన్నీళ్లు. "ఇంకెందుకే గా ఇంట్ల? బిడ్డను సంకనేస్కొని పోరాదు!" అని తెరకే చెప్పేవాళ్లు.

ఆ ఇంట్లోనే ఒక కోడలుంది. రాజమణి వదినె. భర్త దుబాయిలో, ఆమెకు చిన్న పాప. సీరియల్ మొదలవగానే పెద్దమ్మ ఆమెకు ఏదో ఒక పని చెప్పేది. ఒకనాడు తెర మీద కోడలు బట్టలు మూట కట్టుకుంటుంటే, వదినె వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"నువ్వెందుకొచ్చినవే? బోళ్లు నీ అయ్య తోముతడా?" అంది పెద్దమ్మ.

ఒక్క నోరు లేవలేదు. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం "జర సూడనియ్యక్కా... అయిపోవచ్చింది" అంది.

"గంత ప్రేమైతే నీ ఇంట్ల టీవీ పెట్టి సూపియ్యి."

అవ్వ చాట తీసుకుని లేచింది. నన్ను లాక్కొచ్చింది. మిగతావాళ్లు కదల్లేదు... తెర మీది కోడలి కోసం ఏడుస్తూ కూర్చున్నారు.

మర్నాడు బోరింగు దగ్గర వదినె మెల్లగా అడిగింది. "చిన్నత్తా... ఆమె ఇల్లిడిచి పోయిందా?"

అవ్వ చూసిందెక్కడ? అయినా తడుముకోకుండా చెప్పింది. "పోయింది బిడ్డా. ఎనక్కి తిరిగి సూడలే."

కొన్నాళ్లకే వదినె పాపను తీసుకుని లక్సెట్టిపేటలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. అవ్వ మాట వల్లేనా? ముందే మనసులో ఉందా? ఇప్పటికీ తేల్చుకోలేను.

తేలింది ఒకటే. ఆ జపాను కోడలిని "పోరాదు" అని వెళ్లిపొమ్మన్న నోళ్లే మా వదినెను...

"టీవీ సూసి ఖరాబైంది."

"అన్నీ నాటకాలే. మొగడు గాడ కష్టపడి కమాయిస్తుంటే, దీనికేం పొయ్యేకాలం!"

పోనీలే అనుకుందామని చూస్తాను. బీడీలు చుట్టి బతికేవాళ్లు, వాళ్లకున్న సుఖం ఆ కాసేపే... పెద్దమ్మ తలుపు మూసేస్తుందని భయపడి ఉంటారు. అయినా నా కోపం చల్లారదు. భయపడి నోరు మూసుకున్నారు, సరే. ఆమెను తిట్టమని ఎవరు భయపెట్టారు?

ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లం చూస్తున్నాం. మొన్న మా బంధువుల ఆడవాళ్ల గ్రూపులో రోజంతా ఒక కొత్త జపాను సీరియల్ ముచ్చటే. హీరోయిన్ మాట్లాడకుండానే ఎంత బాగా నటించిందో... భర్త వేషం వేసినవాణ్ని చూస్తే ఎంత ఒళ్లు మండుతోందో... ఆ మధ్యలోనే ఎవరో రాశారు, మా చుట్టాలమ్మాయి అత్తగారిల్లు వదిలి కరీంనగర్ వచ్చేసిందని.

వెంటనే జవాబు... "కొంచెం సర్దుకుపోవాల్సింది."

ఇది చదివాక సీరియళ్ల మీద మీ అభిప్రాయాలు నాకొద్దు. మీ వాడలో అట్లా వచ్చేసిన ఆడపిల్ల ఉంటే... ఆ రోజు మీ ఇంట్లో ఆమెను ఏమన్నారో రాయండి.