గంగాళంలో చవితి చంద్రుడు

నా చిన్నప్పుడు మా మగ్గాల వాడలో వినాయకుణ్ణి నిలబెట్టిన తొమ్మిది రోజులూ ప్రసాదం మా నాయనమ్మ చేతిదే. శనగ గుడాలు, అంటే ఉడికించి పోపు పెట్టిన శనగలు. తానమాడి, తడిబట్టతో, నోట్లో నామం ఆగకుండా పెద్ద ఇత్తడి గంగాళంలో వండేది. వరంగల్‌లో భజన మండళ్ళకు కొదవ లేదు గాని, ఆ గుడాల కోసమే మా మండపానికి వచ్చేవాళ్ళు ఉండేవారు. స్వామికి నైవేద్యం వండే భాగ్యం ఆమెకు గర్వం కాదు, భయంతో కూడిన భక్తి.

నాకు పదేళ్ళు నిండిన ఏడు, డెబ్బైల చివర్లో, చవితి నాడు కథ చదువుతుండగా పోపు మాడుతోందని ఎవరో కేకేశారు. చేతిలోని అక్షింతలు తల మీద వేసుకోకుండానే నాయనమ్మ లేచి ఉరికింది. చీకటి పడుతుండగా గంగాళం కడగబోతే, అందులోని నీళ్ళలో చంద్రుడు కనబడ్డాడు. ఆకాశం వంక చూడకుండా తల వంచుకు తిరిగిన మనిషికి కిందనే ఎదురయ్యాడు. చవితి చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పుకు నింద మోయాల్సి వస్తుందని, కథ విని అక్షింతలు వేసుకున్నవాళ్ళకే ఆ దోషం అంటదని మా పెద్దల మాట. "అయ్యో, చూస్తి గదనే!" అని నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

మూడో రోజు మా వాడ పిల్లలు ముగ్గురు పచ్చి సీతాఫలాలు తిని కక్కుకున్నారు. దవాఖానలో డాక్టరు ఆ మాటే చెప్పి, మందిచ్చి పంపాడు. తెల్లారి ముగ్గురూ గోలీలు ఆడుకున్నారు. అయినా మా ఊళ్ళోనే అచ్చయ్యే ఒక వారపత్రిక 'ప్రసాదంలో విషం! మృత్యువుతో పసివాళ్ళ పోరాటం!' అని పేజీ నిండా వేసింది. ఎన్నికలు దగ్గర పడ్డ రోజులు. 'ఈ కుట్ర వెనుక ఎవరు?' అని కింద ఒక ప్రశ్న కూడా తగిలించింది. ఇంకేం, రెండు పార్టీల నాయకులూ వచ్చి, మండపం ముందే ఒకర్నొకరు దుమ్మెత్తి పోసుకుని వెళ్ళారు. పరకాలలో ఉండే మా మేనత్త ఆ పత్రిక చూసి, ఏడుస్తూ బస్సెక్కి వచ్చింది.

మండలి పెద్దలు మెల్లగా మా గడపలోకి వచ్చారు. "అవ్వా, జర ఆరాం తీస్కో. ఆఖరి రోజు దాక ప్రసాదం వేరేటోళ్ళు జేస్తరు." నాయనమ్మ గంగాళం తెచ్చి గోడవారన బోర్లించింది. మా బాపు నలుగుర్ని వెంటేసుకుని ఆ ప్రెస్సు మీదికి పోతానని లేస్తే, ఆమే అడ్డం నిలబడింది. "చంద్రుణ్ణి జూసింది నేను. మోసేది గూడ నేనే."

మా ఇంట్లోనే ఒక గదిలో కిరాయికుండే డ్రాయింగ్ సారు ఆ మాట విన్నాడు. "అవ్వా, చంద్రుడు అచ్చు గుద్దిండా ఏంది?" అని మాత్రం అన్నాడు. నిమజ్జనానికి ముందు రోజు పొద్దున, మండపం దగ్గర భజన వేళలు రాసే నల్లబోర్డును శుభ్రంగా తుడిచి, సుద్దముక్కలతో బొమ్మ మొదలుపెట్టాడు.

ఆకాశంలో చంద్రుడు. ఆ చంద్రుడు గుండ్రంగా కత్తిరించిన వార్తాపత్రిక. నిచ్చెన ఎక్కి దాన్ని తాడుతో మబ్బుకు కడుతున్నది పత్రికాయన, ఆ వారపత్రిక అచ్చేసే మనిషి. కింద కడుపు పట్టుకున్న చిన్న పోరగాడు, వాడి వెనక ఆ వెన్నెలకు పడ్డ నీడ ఒక పెద్ద రాక్షసి. ఆ నీడ చుట్టూ ఖద్దరు టోపీల నాయకులిద్దరు చేతులు పట్టుకుని చిందులేస్తున్నారు. కింద ఇలా రాశాడు: 'ఆ చంద్రుడు ఏడాదికి ఒకసారి. ఈ చంద్రుడు వారం వారం.'

జనం గుమిగూడారు. "అరె, గీ టోపీ మన లీడర్‌ది గాదు?" అని ఒకరు, "డాన్సు మంచిగనే జేస్తాండు!" అని ఇంకొకరు. నాలుగు రోజులుగా తలెత్తని మా వాడ విరగబడి నవ్వింది. ఆ నవ్వుకు నాకు రెక్కలొచ్చాయి. సారు మంచినీళ్ళకు లేచినప్పుడు సుద్దముక్క తీసుకుని, ముక్కాలిపీట ఎక్కి, పత్రికాయన చేతిలో ఒక సారా సీసా గీశాను. ఈలలు మోగాయి.

సారు తిరిగొచ్చి చూశాడు. కోప్పడలేదు.

"ఆయన తాగంగ నువ్వు చూసినవా బిడ్డా?"

"లేదు సారూ. అందరంటరు."

"అందరంటరనే గద, మీ నాయనమ్మ గంగాళం బోర్లేసింది."

తన రుమాలు నా చేతిలో పెట్టాడు. అంతమంది ముందు నేనే ఆ సీసా తుడిచాను. చెవులు మండిపోయాయి. వెనక్కి తిరిగేసరికి, గుంపు చివర సైకిలు పట్టుకుని పత్రికాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. బాపు పిడికిలి బిగించాడు. ఆయన మాత్రం బోర్డు దాకా వచ్చి, తుడిచిన మరకను చాలాసేపు చూశాడు.

"సీసా నాది గాదు సారూ," అన్నాడు చివరికి. "నిచ్చెన నాదే."

"రేపు ప్రసాదం ఎవరు జేస్తరు?" అని అడిగాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మా ఇంట్లోంచి ఖంగుమని ఇత్తడి చప్పుడు వినబడింది. నాయనమ్మ గంగాళాన్ని తిరగేసి నిలబెట్టింది.

మర్నాడు దొప్ప పట్టుకుని మొదట నిలబడింది పత్రికాయనే. కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆ వెనకే నాయకులిద్దరూ పక్కపక్కన నిలబడి తిన్నారు, చూసేవాళ్ళున్నారు కదా! నాయనమ్మ పళ్ళెంలోంచి అక్షింతలు తీసి ముందు తన తల మీద, తర్వాత పత్రికాయన తల మీద వేసింది. "పో కొడుకా, నీ దోషం నా దోషం ఒక్కతీర్గనే పోయింది." మధ్యాహ్నానికల్లా గంగాళం అడుగు గీకారు. భజన చేస్తూ స్వామిని సాగనంపిన ఆనాటి ఊరేగింపులో మా నాయనమ్మే ముందు నడిచింది. తర్వాతి వారం అదే పేజీలో, అవే పెద్ద అక్షరాలతో 'తప్పు మాది' అని వచ్చింది.

నిందకు విరుగుడు నవ్వులో ఉందని, ఆ నవ్వులో అబద్ధం కలిస్తే అదీ నిందేనని స్వామి నాకు ఆ రోజే నేర్పాడు. ఇప్పటికీ ప్రతి చవితికీ అక్షింతలు ముందే తల మీద వేసుకుంటాను. ఎవరి గురించైనా రుచికరమైన మాట ఒకటి నాలుక చివరికి వచ్చినప్పుడు మాత్రం, నా కుడిచేతి వేళ్ళకు సుద్దపొడి అంటినట్టు ఉంటుంది. చూసినవా బిడ్డా, అని వినబడుతుంది. కొంగుతో వేళ్ళు తుడుచుకుని ఊరుకుంటాను.