దెబ్బ తగిలాక దండం

2023 ఎండాకాలం. బేతంచెర్లలో ఒక బండల పాలిష్ షెడ్డు ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటే, అందులో పాత యూరప్ కత్తియుద్ధం నేర్పేవాణ్ణి. కర్నూలు వైపు కత్తి నేర్పుతానంటే జనం అదోలా చూస్తారు. చూడనీ! మేం వాడేది ఫెడర్, అంటే మొద్దు అంచుల సాధన కత్తి, పొడిస్తే వంగుతుంది. ముఖానికి మాస్కు, ఒంటికి దళసరి జాకెట్. స్పారింగ్ అంటే ఇద్దరూ నిజంగా గెలవాలనే ఆడాలి, ఇద్దరూ క్షేమంగా ఇంటికి పోవాలి.

నా దగ్గర నేర్చుకునే రూతమ్మ డోన్‌లో పీఈటీ టీచరు. బెంగళూరులో ఆమె మొదటి పోటీ దగ్గరపడింది. జోడీగా దొరికింది మద్దిలేటి ఒక్కడే, ఆ షెడ్డులోనే బండలు కోసే మనిషి. చేయి ఉక్కు. రూతమ్మ ఎదురుగా నిలబడితే మాత్రం ఆ చేయి వెన్నముద్దే. కత్తి తగిలీ తగలకముందే వంగి, ఆమె జాకెట్‌ను తాకి వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు. ఎవరికైనా కాలు తగిలితే మనం చేస్తామే, అలా.

"ఏమన్నా, మళ్ళీ దండం పెడ్తాండావు? ఆడ బెంగళూరోళ్ళు పెడ్తారా? గట్టిగా కొట్టు!" అని రూతమ్మ మండిపడేది.

"ఆడకూతుర్ని కొట్టేకి చేయి రాదు టీచరమ్మా."

ఒకరోజు అతని కత్తి ఆమె భుజానికి తగిలింది. నేనింకా "హాల్ట్" అనలేదు. ఆ మాట వినేదాకా ఆట నడుస్తున్నట్టే. రూతమ్మ ఎదురుదెబ్బ అప్పటికే గాల్లో ఉంది. మద్దిలేటి దండం కోసం తల వంచాడు. కత్తి తల వెనక పడింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నా ప్రాణం పోయినంత పనైంది.

మాస్కు వెనక ప్యాడ్ కట్టుకున్నాడు కాబట్టి బయటపడ్డాడు. డాక్టరు చూసి, ప్రమాదం లేదుగానీ కొన్నాళ్ళు ఆడొద్దన్నాడు. రూతమ్మ తన ఫెడర్ నా చేతిలో పెట్టేసింది.

"నాకొద్దు సార్ ఈ పోటీ. మనిషిని చంపేదాన్ని."

కోలుకుని మళ్ళీ షెడ్డుకు వచ్చిన రోజు మద్దిలేటే ఆమెను పిలిపించాడు. "తప్పు నీది కాదు టీచరమ్మా. నా చూపు నేల మీద ఉండె. నువ్వు పట్టకుంటే నేనూ కత్తి పట్టేది లే."

చాలాసేపు బతిమాలించుకుని రూతమ్మ మాస్కు పెట్టుకుంది. ఈసారి అతను అదుపు తప్పకుండా, గట్టిగా, పక్కటెముకల మీద కొట్టాడు. కొట్టి, కత్తి అడ్డం పెట్టుకుని ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. నేను "హాల్ట్" అన్నాకే దండం పెట్టాడు.

"అబ్బా! శానా నొప్పిగా ఉండాదన్నా," అంటూ రూతమ్మ నవ్వింది. "ఇంకోటి కొట్టు."

మెత్తగా కొడితే చాలు, అదే జాగ్రత్త అనుకుంటారు చాలామంది. మద్దిలేటి ఆట మధ్యలో తల వంచి దెబ్బ తిన్నది ఆ మెత్తదనం వల్లే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇప్పుడు నేను చెప్పేది ఒకటే: ఎదుటి మనిషి మీద గౌరవం ఉంటే, ఆట ఆగేదాకా వాళ్ళ మీంచి చూపు తిప్పొద్దు.