రైవల్ అంటే ఎవరో ఈవేళ తెలిసింది

ఈవేళ పొద్దున్న మా చేలకి నీళ్ళొచ్చే పంటబోదె గట్టు మీద నాకూ, పక్క చేను సత్యంగారికీ గొడవైపోయిందండీ. ఇద్దరి నారుమళ్ళూ ఎండుతున్నాయి, నీళ్ళ వంతు నాదంటే నాదని. పారలెత్తి మరీ, "తమరు దొంగండీ!" "ఆయ్, తమరు గజదొంగండీ!" అని మర్యాదగానే తిట్టుకున్నాం.

ఇంతలో దిగువ చేను ఇంగ్లీషు మాస్టారు వచ్చేరు. "రైవల్ అంటే ప్రత్యర్థి కదండీ, ఆ మాట లాటిన్‌లోంచి వచ్చిందండీ. ఒకే కాలవ నీళ్ళు వాడుకునేవాళ్ళని అలా అనేవారు. మీరిద్దరూ అసలు సిసలు రైవల్సు!" అన్నారు.

మాకేదో సన్మానం చేసినట్టనిపించింది. పారలు కింద పెట్టేసి, అరగంట నోరెళ్ళబెట్టి విన్నాం.

తీరా చూస్తే, మేమిద్దరం నీళ్ళు మళ్ళించుకోలేదు కదా, అన్నీ తిన్నగా మాస్టారి చేలోకి పోయేయి.

ఆ మూడోవాణ్ణి లాటిన్‌లో ఏమంటారో ఆయన చెప్పలేదు. మీకెవరికైనా తెలుసాండీ?