డ్రైవరు మామ విప్పిన కారు

డ్రైవరు మామ పోయాడని పోస్టుకార్డు వచ్చింది. అత్త ఎవరిచేతనో రాయించింది. ఆయాసంతో రెండు రోజులు మంచంలో ఉన్నాడని, మంగళవారం పొద్దున పోయాడని, నాకు తెలియజేయమని ముందే చెప్పాడని, అంతే. కార్డు కర్నూలు చేరేసరికి నాలుగు రోజులైంది. ఆఖరి చూపు నాకు దక్కలేదు. ఆసుపత్రిలో డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. పెన్న ఒడ్డున పదూళ్ల జనానికి తప్ప ఆయన ఎవరికీ తెలియడు. ఆ పదూళ్లలో చదువుకున్నవాళ్లు తక్కువ. అందుకని నేనే రాయాలి.

నేను నర్సుగా మొదట చేరింది కడప జిల్లాలో, పెన్న పక్కనున్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో. మా క్వార్టర్స్ గోడకి అవతలే ఆయన ఇల్లు. వరసకి నాకేమీ కాడు. ఊరంతా డ్రైవరు మామ అంటుంటే నేనూ అన్నాను. ఒక భూస్వామి దగ్గర పాతికేళ్లు కారు తోలాడు. యుద్ధంలో పెట్రోలు దొరక్క ఆ కారు మూలన పడింది. యుద్ధం అయిపోయాక భూస్వామి కొత్తది కొనుక్కుని, పాతదాన్ని ఆయనకే ఇచ్చేశాడు. పైన గుడ్డ కప్పు, పక్కన ఎక్కడానికి మెట్టు, ముందు గుండ్రటి పెద్ద దీపాలు ఉన్న కాలం నాటి బండి అది. ఎద్దులు కట్టి లాగించుకొచ్చి ఇంటి పక్కన పాకలో పెట్టుకున్నాడు.

దాన్ని మళ్లీ నడిచే బండిని చేసి, రైలు స్టేషనుకి బాడుగ తోలుకోవాలని ఆయన ఆశ. ఆరేళ్లు ఆ పని మీదే ఉన్నాడు. రేడియేటరు రాజంపేటలో ఒక పాత సామాన్ల కొట్లో దొరికితే నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు. పెట్రోలు దగ్గర నిప్పు కూడదు గనుక, వెలిగించని బీడీ ఒకటి నోట్లో పెట్టుకుని పొద్దంతా పనిచేసేవాడు. ఏ నట్టు ఊడదీసినా పాత పంచె మీద వరసగా పేర్చేవాడు. "ఇప్పేది ఎవురైనా ఇప్పుతారమ్మీ. యాడిది ఆడ పెట్టల్ల, అదీ పని" అనేవాడు. నేను ఆ మాట వార్డులో చేరిన కొత్త పిల్లలకి ఇప్పటికీ చెబుతుంటాను.

కర్నూలు రాజధాని కావడానికి ముందటి ఏడు. వరసగా మూడేళ్లు వానల్లేవు. పెన్న ఎండి ఉత్త ఇసుక అయిపోయింది. జనం ఏట్లో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు ముంతలతో తోడుకునేవారు. పశువులూ ఆ నీళ్లలోనే మూతి పెట్టేవి. ఎండాకాలం నడిమికి ఏటవతలి ఊళ్లలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. మా ఆసుపత్రి కారు రోజూ సెలైను సీసాలతో ఏరు దాటి పోయి వచ్చేది. అది భూస్వామి తమ్ముడు మిషన్‌కి ఇచ్చిన కారు. అన్నదమ్ములు ఒకేసారి కొన్నారట. రెండు కార్లూ ఒకే కంపెనీవి, ఒకే అచ్చు.

ఒక రోజు ఇసుకలో కూరుకుపోయి, బయటికి లాగే పెనుగులాటలో దాని వెనక ఇరుసు మధ్య తిరిగే పెద్ద పళ్లచక్రం విరిగింది. దాన్ని క్రౌను అంటారు. మద్రాసుకి టెలిగ్రాం ఇస్తే, ఆ పాత మోడలు సామాన్లు ఇప్పుడెక్కడా రావడం లేదని జవాబొచ్చింది.

మా ఆసుపత్రి డాక్టరమ్మ మిట్టమధ్యాహ్నం మామ పాకలోకి వచ్చి నిలబడింది. వెనక నేనున్నాను.

"ఏమప్పా, నీ బండిలో ఆ చక్రం బాగుండాదా?"

"బంగారు మాదిరి ఉండాదమ్మా."

"ఇస్తావా?"

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "అదొగటే రాదమ్మా. ఎనక ఇరుసంతా దించల్ల. దించినాక ఇంగ ఇది బండి కాదు. ఈ పొద్దు క్రౌను అంటారు. నెలకి ఇంగోటి పోతాది, అదీ అడుగుతారు. రెండూ ఒగ వయసు ముసలివే. మీదాన్ని నిలబెట్టల్లంటే నాదాన్ని కోసుకుంటా పోవల్ల."

"నేను బలవంతం చెయ్యనప్పా. కానీ ఏటవతల జనం సస్తాండారు."

అత్త గడపలో నిలబడి ఉంది. ఆ కారు మీద విసుక్కోని రోజు లేదు ఆమెకి. అది పోతే సంతోషిస్తుందనే అనుకున్నాను. "ఇప్పొద్దని చెప్పమ్మా నువ్వన్నా" అంది నాతో. "ఈ మనిషి పొద్దున్నే లేసేది దీన్ని సూసుకోనే. దీన్ని ఊడదీస్తే ఈయన్ని ఏం జూపించి లేపల్ల నేను?"

మామ ఒక దారి వెతుక్కున్నాడు. "మూడు దినాలు ఇయ్యండమ్మా. ఇరిగినదాన్ని కర్నూలుకి తీసకపోతా. ఆడ అతికేటోళ్లు ఉండారు. అతుక్కున్యాదంటే రెండు బండ్లూ బతుకుతాయి." విరిగిన చక్రాన్ని తువ్వాల్లో మూటగట్టుకుని ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

ఆ మూడు రోజులూ నేనూ, కాంపౌండరూ నడిచాం. సంచుల్లో సీసాలు ఒరుసుకుని పగలకుండా గుడ్డలు చుట్టుకుని, నిప్పుల్లాంటి ఇసుకలో ఏరు దాటి పన్నెండు మైళ్లు. ఒక ఊళ్లో ఒకే ఇంట్లో తల్లీ, ఇద్దరు పిల్లలూ పడి ఉన్నారు. మేం చేరేసరికి తల్లికి నాడి అందడం లేదు. పిల్లలకి సూది గుచ్చడానికి నరం దొరకలేదు. చేతులు వెతికాను, కాళ్లు వెతికాను. చిన్నది నా ఒళ్లోనే పోయింది. చీకటి పడేలోగా మిగతా ఇద్దరూ పోయారు.

మర్నాడు మేం తిరిగి వచ్చేసరికి మామ ఊరి చివర రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆసుపత్రి కారు. అతికించిన చక్రం తెచ్చి బిగించాడట. ఇంజను పలికింది, బండి కదిలింది, ఊరు దాటకముందే మళ్లీ విరిగింది. ముక్కలు ఆయన ఒళ్లో తువ్వాల్లో ఉన్నాయి. తలెత్తి నన్ను చూశాడు.

"ఎంతమందమ్మీ?"

"ముగ్గురు. ఒకే ఇల్లు" అన్నాను. అంతటితో ఆగవలసింది. ఆగలేదు. "మొన్ననే ఇచ్చింటే బతికేవాళ్లు మామా."

అది నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. కారులో పోయినా ఆ నరాలు దొరికేవో లేదో. అన్నం తినక, నిద్ర లేక, ఒళ్లో పోయిన బిడ్డ బరువు ఇంకా చేతుల్లో ఉండగా అన్నాను. ఎదుటి మనిషి ఏమైపోతాడో చూసుకోలేదు.

ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, ఇంటికి నడిచి, నేరుగా పాకలోకి పోయి జాకీ తీశాడు. నేను వెనకాలే పోయాను. అత్త గడపలోంచి చూసింది. లోపలికి పోయి పాత పంచె తెచ్చి, తనే నేల మీద పరిచి, మూలల మీద రాళ్లు పెట్టింది. నన్ను అక్కడ కూర్చోమంది. ఆయన ఒక్కొక్కటే విప్పి అందిస్తుంటే నేను వరసగా పేర్చాను. ఆరేళ్లుగా ప్రతిదాని పేరూ చెప్పి చేతికిచ్చే మనిషి, ఆ మధ్యాహ్నం ఒక్క పేరూ చెప్పలేదు. ఇరుసు ఊడి వచ్చినప్పుడు బండి వెనకభాగం రాళ్ల మీదికి దిగి కూర్చుంది. మామ కూడా దాని పక్కనే కూలబడ్డాడు. అత్త నీళ్లిస్తే తాగలేదు, చేతులు కడుక్కోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి కారు ఏరు దాటింది. మా డ్రైవరు కూడా అదే జబ్బుతో పడకేయడం వల్ల మామే తోలాడు. బండి కదిలించే ముందు వెనక్కి తిరిగి "కూసున్యారా?" అని అడగడం ఆయనకి అలవాటు. మంచాల్లో ఎత్తుకొచ్చి పడుకోబెట్టిన వాళ్లని కూడా అలాగే అడిగేవాడు.

ఆయన అన్నట్టే అయింది. ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో పోయింది. తర్వాత స్ప్రింగు బద్దలు. తర్వాత, రాజంపేట నుంచి మోసుకొచ్చిన రేడియేటరు. రెండోసారి నుంచి ఎవరూ అడగలేదు. ఆయనే పానా తీసుకుని పాకలోకి పోయేవాడు, అత్త పంచె పరిచేది. వానలు పడేనాటికి పాకలో మిగిలింది చట్రం, తలుపులు. అవి బండి కాలేవని ఆయనకి తెలుసు. జబ్బు తగ్గింది, జనం తేరుకున్నారు. రెండేళ్లకి ఆసుపత్రికి కొత్త వ్యాను వచ్చింది, దానితో కొత్త డ్రైవరూ వచ్చాడు. మామ బావుల దగ్గర ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ బతికాడు. చాలా రోజులు ఆయన పాక ముందునుంచి నడిచేవాడు కాదు. ఇంటి వెనకనుంచి చుట్టూ తిరిగి పోయేవాడు. ఏమీ పట్టనట్టు ఉన్నాడని నేను రాస్తే అది అబద్ధం.

నాకు కర్నూలు బదిలీ అయినప్పుడు చెప్పిరావడానికి పోయాను. ఒక బావి దగ్గర ఇంజను ముందు కూర్చుని ఉన్నాడు.

"మామా, ఆ పొద్దు నేనట్ల అనకుండా ఉండాల్సింది."

ఆయన పానా ఆపలేదు. "నువ్వనకపోతే ఇంగో ఊరికి అతికిచ్చేకి పోతాంటి. నాకు ఆ పొద్దుటికింకా ఆశ సావల్యా." నట్టు బిగించి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఆ ముగ్గురి ఇంటి ముందర పోయినప్పుడల్లా హారన్ కొట్టకుండా పోయినాను అమ్మీ. ఎన్నితూర్లు పోయినా."

నాకు తెలియదు. ఆ బండిలో ఆయన పక్కన అన్ని నెలలు కూర్చున్నాను, గమనించలేదు.

కార్డు చదివినప్పటి నుంచి నాకు కళ్లముందు మెదిలేది మాత్రం ఆ మూడేళ్ల కరువు తర్వాత మొదటి వాన పడ్డ రోజు. ఏటవతలి నుంచి తిరిగి వస్తున్నాం. ఇసుకలోకి దిగబోతూ మామ బండి ఆపి చెవి పెట్టి విన్నాడు. ఎగువన ఎక్కడో పెద్ద వాన. కాసేపటికి ఎర్రటి నురుగు, తుమ్మకంపలు దొర్లించుకుంటూ నీళ్లు వచ్చాయి. ఆయన ఒడ్డు పైదాకా పారిపోలేదు. నీళ్లు ముందు చక్రాలు తాకేదాకా ఉండి, బండిని ఒక్క బారెడు వెనక్కి తీశాడు. నీళ్లు మళ్లీ వచ్చి తాకాయి. మళ్లీ ఒక బారెడు వెనక్కి. లారీని వెనక్కి రమ్మని క్లీనర్లు కేకేస్తారే, అట్లా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ ఏటిని పిలుస్తున్నాడు. "రా, రా, రానీ... ఇంగా రా..."