కోడూరు వంటింట్లోకి వచ్చినావిడ

దయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో నన్ను ముందు బయటికి పంపేస్తారు. నేనుంటే ఆ కబుర్లు సాగవు. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, కళ్లజోడు పెట్టుకుని చూశారా అని అడుగుతాను. ఇంట్లో జిన్నుల కథలు, వీధిలో దయ్యాల కథలు వింటూ పెరిగినవాణ్ని. రెండు పక్షాలవాళ్లనీ సమానంగా నమ్మలేదు.

ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నేనైనా అదే పని చేసేవాణ్ని.

నా పేరు రఫీ. మాది బందరు. కాగితాల మీద మచిలీపట్నం. ఊళ్లు చూడటానికి వచ్చేవాళ్లని కారులో తిప్పడం నా పని. కారు నాదే, డ్రైవర్నీ నేనే, గైడునీ నేనే.

విహారానికి తిరిగే పెద్ద ఓడలు చెన్నైలో ఆగుతాయి, తర్వాత విశాఖలో ఆగుతాయి. ఓడ ఆగిన రోజున ప్రయాణికులు దిగి, ఊరు చూసి, సాయంత్రానికి ఎక్కేస్తారు. ఎక్కువమంది గుంపుగా బస్సుల్లో వెళ్తారు. గుంపు గిట్టనివాళ్లు సొంతంగా కారు మాట్లాడుకుంటారు. అంతకన్నా మొండివాళ్లు కొందరుంటారు. వాళ్లు చెన్నైలో దిగిపోయి, రోడ్డు మీద మా కృష్ణా జిల్లా చూసుకుంటూ వెళ్లి, విశాఖలో మళ్లీ అదే ఓడ ఎక్కుతారు. నాకు తగిలేది ఆ మొండివాళ్లే. మా బందరులో పోర్టు కడుతున్నారు కాబట్టి రేపో మాపో ఓడలు ఇక్కడికే వస్తాయని నా ఆశ. అందాకా ఇలా నెట్టుకొస్తున్నాను.

మొన్న చలికాలంలో హాలండు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు హెండ్రిక్. డెబ్బై దాటి ఉంటాయి. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం పొదుపు. ఒక్కడే వచ్చాడు. వెంట ఎవరైనా ఉన్నారా అని ఫోనులో అడిగితే లేరన్నాడు. నేను అంతకుమించి అడగలేదు.

పొద్దున్నే బందరులో డచ్చివాళ్ల సమాధులు చూపించాను. ఆయన ఒక్కో రాయి ముందు నిలబడి, టోపీ తీసి, ఏదో గొణుక్కుంటూ చదువుకున్నాడు. ఏ పూర్వీకుడైనా ఉన్నాడా అని అడిగాను. లేడట. మా దేశంవాళ్లు ఇంత దూరం వచ్చి ఇక్కడ ఏం తిని బతికారో అని ఆలోచిస్తున్నానన్నాడు. తిండి మాట వచ్చింది కదా అని అప్పుడే అసలు విషయం చెప్పాడు.

రొయ్య గానీ పీత గానీ చిటికెడంత లోపలికి వెళ్లినా ఆయన గొంతు వాచిపోతుందట. ఊపిరి ఆడదట. ఒకసారి చావు అంచుదాకా వెళ్లి వచ్చాడట. అలాంటి సమయంలో తొడకి పొడుచుకునే ఇంజెక్షను ఒకటి ఎప్పుడూ జేబులో ఉండాలి. అది ఓడలో, పెద్ద పెట్టెలో ఉండిపోయింది. ఆ సంగతి ముందు రాత్రి బందరు లాడ్జిలో సంచీ విప్పినప్పుడు గమనించాడట. ఏం ఫరవాలేదు, మధ్యాహ్నం అరటిపళ్లు తిని ఉంటానన్నాడు.

మా వైపు వచ్చిన మనిషిని అరటిపళ్లతో పంపుతామా? నాకు రోషం వచ్చింది. చేప పడుతుందా అని అడిగాను. పడుతుందన్నాడు. ఆయన ఎదుటే కోడూరు నాంచారమ్మక్కకి ఫోను చేశాను. అక్కది చేపల వ్యాపారం చేసే కుటుంబం. కోడూరున్న దివిసీమ వైపు వెళ్లినప్పుడల్లా అతిథులకి భోజనం వాళ్లింట్లోనే పెట్టిస్తాను.

"అక్కా, ఈయనకి రొయ్య అసలు పడదు. ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది" అన్నాను.

"అట్టాగా? రొయ్యల కూర మానేస్తాలే తమ్ముడూ. పండుగప్ప వేపుడు చేస్తాను. పప్పు, బీరకాయ కూర. చాలా?" అంది.

చాలన్నాను. ఇక మీ భోజనం నా పూచీ అని ఆయనకి గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాను.

చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా వెళ్లి, కోడూరులో ఆగకుండా ముందు హంసలదీవి చూపించాను. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఆయన చాలాసేపు నిలబడ్డాడు. అక్కడి నుంచి వెనక్కి వచ్చి కోడూరు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఇద్దరికీ ఆకలి దంచేస్తోంది.

నాంచారమ్మక్క వసారాలో బల్ల వేసి పెట్టింది. మేము కూర్చోగానే వడ్డించడం మొదలుపెట్టింది. ఆయన బీరకాయ కూర చూసి ఇదేమిటని అడిగాడు. అది వట్టి కూరగాయ, కళ్లు మూసుకుని తినండి అన్నాను. ఆయన చెంచాతో కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. బాగుందని తలూపాడు.

అప్పుడు అక్క గిన్నె చేతిలో పట్టుకుని మామూలుగా అంది. "భయం లేదు, తినమను తమ్ముడూ. అందులో పొట్టు వెయ్యలేదులే. ఆవిడ వచ్చి వద్దంది కదా."

నాకు ముందు 'ఆవిడ' అన్న మాట చెవికెక్కనే లేదు. 'పొట్టు' అన్న మాట ఎక్కింది. లేచి ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. చెంచా కింద పడింది. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. రొయ్యపొట్టు అంటే ఎండబెట్టిన చిన్న చిన్న రొయ్యలు. దాన్ని మా వాళ్లెవరూ రొయ్య కింద లెక్క వెయ్యరు. ఉప్పు, కారం, పొట్టు, అంతే. బీరకాయలో వేస్తారు, సొరకాయలో వేస్తారు, గోంగూరలో వేస్తారు. అది వేస్తేనే బీరకాయకి రుచి అంటారు. అలా వేసినా దాన్ని కూరగాయ కూర అనే అంటారు. రొయ్య వద్దంటే అక్క రొయ్యల కూర మానేసింది. బీరకాయ అంటే నేను వట్టి కూరగాయ అనుకున్నాను. మా ఇంట్లో మా ఆవిడా పొట్టు వేసే వండుతుంది, అయినా నాకు తట్టలేదు. ఆ పూట ఎవరూ అడ్డుపడకపోతే, నా పూచీ మీద, నా కళ్ల ముందే, ఆ పెద్దాయన ప్రాణం పోయేది. ఇంజెక్షను ఓడలో ఉంది. ఆసుపత్రి అవనిగడ్డలో ఉంది.

"వెయ్యలేదా అక్కా? ఒట్టు?" అన్నాను.

"అయ్యో, వెయ్యలేదు తమ్ముడూ. ముందు వేసిందంతా పారబోసిందిగా మహాతల్లి. మళ్లీ బీరకాయలు తెప్పించి, పాలు పోసి వండాను."

"ఎవరు పారబోసింది?"

"అదేంటి, నువ్వే కదా ఆవిణ్ని ముందు పంపించావు? ఈయన తాలూకు ఆవిడ. తెల్లావిడ."

నేను ఎవర్నీ పంపలేదు. ఆ మాట అంటే అక్క నవ్వింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. నాకు కోపం వచ్చి గొంతు పెంచాను. అప్పుడు గానీ నా మొహం చూసి నవ్వు ఆపలేదు.

అక్క చెప్పింది ఇది. మేము హంసలదీవిలో ఉండగా, కూర దించే వేళకి, ఒక తెల్లావిడ పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చింది. పలకరింపూ లేదు, ఏమీ లేదు. వస్తూనే గిన్నెల మీద మూతలు ఒక్కొక్కటే ఎత్తి వాసన చూసింది. బీరకాయ దగ్గర ఆగింది. గట్టు మీద పొట్టు డబ్బా కనపడితే తీసి, అక్క ముందు పెట్టి, తన గొంతు తానే రెండు చేతులతో పట్టుకుని, కళ్లు తేలేసి చూపించింది. తర్వాత కూర గిన్నె ఎత్తి పెరట్లో కుమ్మరించింది.

"నాకు ఎక్కళ్లేని కోపం వచ్చింది తమ్ముడూ. నా ఇంట్లో కూర పారబొయ్యడానికి నువ్వెవరివి అని అరిచాను. ఆవిడ నా బుగ్గ మీద చెయ్యి వేసి ఇట్టా నిమిరింది. ఇంకేమంటాను? మంచినీళ్లు తెద్దామని లోపలికెళ్లొచ్చేసరికి లేదు. కారెక్కుంటుందిలే అనుకున్నాను."

అక్క కోడలు కూడా చూసింది. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి, నవ్వాలో వద్దో తెలియనట్టు అంది. "ఆవిడ జుట్టు ముడేసుకుని అందులో పెన్సిలు గుచ్చుకుందండి. జడపిన్ను బదులు."

నేను పెరట్లోకి వెళ్లి చూశాను. గోడవార బీరకాయ ముక్కలు, మధ్యలో ఎర్రగా పొట్టు, కోళ్లు పొడుస్తున్నాయి. గిన్నె బోర్లించి ఉంది. అది కల కాదు, అబద్ధం కాదు.

వెనక్కి వస్తే హెండ్రిక్ గారు ఏమైందో చెప్పమన్నాడు. పొట్టు సంగతి చెప్పి క్షమాపణ అడిగాను. అది ఆయన పట్టించుకోలేదు. ఆ వచ్చినావిడ గురించి చెప్పమన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మూతల సంగతి రాగానే ఆయన చూపు మారింది. పెన్సిలు మాట వినగానే బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన భార్య పోయి కొన్నేళ్లయిందట. ఇళ్లకి నక్షాలు గీసే పని చేసేదట. చేతిలో పెన్సిలు ఎక్కడ పెట్టాలో తోచక జుట్టులో గుచ్చుకునేదట. ఏ ఊరు వెళ్లినా, ఏ హోటలుకి వెళ్లినా, ముందు వంటగదిలోకి దూరి మూతలు ఎత్తి చూసేదట. ఈయనకి తల కొట్టేసినట్టు ఉండేదట. దాని మీద చాలాసార్లు పోట్లాడుకున్నారట.

ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. ఆయనకి కోపం వచ్చింది. అంత పెద్దమనిషి మొహం ఎర్రగా చేసుకుని అడిగాడు. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా కనపడలేదు, కలలోకైనా రాలేదు, ముక్కూ మొహం తెలియని వాళ్ల వంటింట్లోకి మాత్రం ఎలా వచ్చింది అని. నన్ను కాదు అడిగింది. నాంచారమ్మక్కని.

నేను తెలుగులో చెప్పాను. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆయన బాగానే ఉన్నాడుగా తమ్ముడూ, ఊరికే ఎందుకొస్తుంది? ఇయ్యాళ పనుండి వచ్చింది. పని నాతో కాబట్టి నా దగ్గరికొచ్చింది. అదే చెప్పు."

అదే చెప్పాను. ఆయన వంగి, కింద పడిన చెంచా తీసి కడిగించుకున్నాడు. తర్వాత బీరకాయ కూర మళ్లీ వేయించుకుని, కంచంలో మెతుకు లేకుండా తిన్నాడు. అక్క బాధ ఇంకొకటి. ఆవిడ కోసం కూడా కంచం కడిగి పెట్టిందట. ఇంటికొచ్చిన మనిషి అన్నం తినకుండా వెళ్లిపోయింది అని రెండుసార్లు అంది.

నేను ఊరుకుంటానా? సెంటరుకి వెళ్లి వాకబు చేశాను. ఆటోలవాళ్లని, టీకొట్టులో, బస్సు దిగే చోట అడిగాను. తెల్లవాళ్లు ఒక్కరు కనపడినా ఊరంతా చెప్పుకునే చోటు అది. నా కారులో పెద్దాయన వెళ్లడం అందరూ చూశారు. ఆవిణ్ని ఒక్కరూ చూడలేదు. వేరే ఎవరైనా యాత్రికురాలు దారి తప్పి వచ్చిందనుకుందాం. ఆయనకి రొయ్య పడదని ఆవిడకెలా తెలుసు? అక్కకే అనుమానం వచ్చి పారబోసి, ఈ కథ కల్పించిందనుకుందాం. పెన్సిలు సంగతి అత్తాకోడళ్లకి ఎవరు చెప్పారు? ఆయనకి భార్య ఉండేదని నాకే తెలియదు. నాకు తెలిసిన ప్రశ్నలన్నీ అడిగేశాను.

ఇప్పుడు ఎక్కడ భోజనం పెట్టించినా వంటింట్లోకి నేనే వెళ్లి మూతలు ఎత్తి చూస్తున్నాను. ఆడవాళ్లు తిడుతున్నారు. పడుతున్నాను.

ఆ రోజు బయలుదేరేటప్పుడు జరిగింది చెప్పి ముగిస్తాను. సాయంత్రం లోగా గుడివాడ దాటి, హనుమాన్ జంక్షన్ దగ్గర విశాఖ రోడ్డు ఎక్కాలి. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. హెండ్రిక్ గారు కారు దగ్గరికి వచ్చి, తను కూర్చునే వైపు కాకుండా, వెనక సీటుకి రెండో వైపు తలుపు తీశాడు. తీసి పట్టుకుని, ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు ఆగాడు. తర్వాత నెమ్మదిగా వేసి, ఇటు తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు. ఎండలో, నాంచారమ్మక్క చూస్తుండగానే.

చెయ్యి ఎత్తి, వెనక సీటు కనపడే అద్దాన్ని పైకి తిప్పేశాను. గుడివాడ దాకా అలాగే నడిపాను. వెనక లారీలు హారన్లు కొడుతున్నా దాన్ని సరిచెయ్యలేదు.

దయ్యాలు లేవని ఇప్పటికీ అందరితో వాదిస్తూనే ఉన్నాను. కానీ వెనక సీట్లో ఆయన తప్ప ఇంకెవరూ లేరని నాకు నిజంగా నమ్మకం ఉంటే, ఆ అద్దంలోకి ఒక్కసారైనా చూసేవాణ్ని.