వాపస్ రాని స్టీరింగ్

నేను చేసిన తప్పు ఒక మరను అతిగా బిగించడం కాదు. బిగించిన దాన్ని ఎవరూ చూడకముందే మళ్ళీ వదులు చేయడం. వినడానికి ఇంత చిన్నగా ఉంటుంది. ఏళ్ళ తరబడి మోస్తున్న నాకు తెలుసు దాని బరువు.

ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. గుడికి వెళ్ళి దేవుడి ముందు నిలబడి కూడా పిల్లల చదువుల గురించి, వ్యాపారం గురించి మాట్లాడి వచ్చేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోందేమో. ఇదీ ఒక రకం పిరికితనమే. ఒప్పుకుంటాను.

నేను కార్ల మెకానిక్‌ని. నాచారం దాటి మల్లాపూర్ వైపు వెళ్తే ఫ్యాక్టరీ గోడల మధ్య రేకుల షెడ్లు కనిపిస్తాయి. అందులో ఒకటి నాది. స్టీరింగు, సస్పెన్షను నా పని. ఇది జరిగినప్పటికి తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు, ఉద్యమం మాత్రం ఊపు మీదుంది. అటు ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పొడవునా పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం. ప్లాట్లు అమ్మినవాళ్ళ దగ్గరికి పెద్ద పెద్ద కార్లు వచ్చాయి. ఆ కార్లు మా షెడ్లకు రావు, షోరూములకు పోతాయి. మేం వాటిని రోడ్డు మీద చూసి ఇంజన్ చప్పుడు విని తృప్తి పడేవాళ్ళం.

అలాంటి కారు ఒకటి నా షెడ్డుకు వచ్చింది. తెచ్చింది మా బావ సత్తయ్య, మా అక్క భర్త. జనగామ వైపు నుంచి వచ్చి లారీలు తోలి, తర్వాత చెంగిచెర్ల దగ్గర వెంచర్లు వేసే ఒక సార్ దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఆ సార్ ఢిల్లీ నుంచి సెకండ్‌హ్యాండులో ఒక విదేశీ కారు కొన్నాడు. నల్లగా, పొడుగ్గా, లోపల తోలు సీట్ల వాసన. కానీ సార్‌కు తృప్తి లేదు. స్టీరింగ్ మరీ తేలికగా ఉందట, స్పీడులో రోడ్డు చేతికి తెలియడం లేదట, మలుపుల్లో ఒళ్ళు ఊగుతోందట. "మా బామ్మర్ది ఉన్నడు సార్, మల్లాపూర్‌ల. స్టీరింగ్ పనికి ఆయన చెయ్యి పడాలె" అని బావే చెప్పాడు. నన్ను పొగిడి ఆ కారును నా గుమ్మంలో పెట్టింది ఆయనే. ఇది మీరు గుర్తుంచుకోండి. నేను మరచిపోలేను.

మనసు పెట్టి చేశాను. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. అరిగిన బుష్షులు మార్చాను, షాకబ్జార్బర్లు మార్చాను, టైర్లు మార్పించి అలైన్‌మెంట్ చేయించాను. ఊగడం తగ్గింది. కారు మలుపులో రోడ్డును పట్టుకుని తిరిగింది. కానీ స్టీరింగ్ తేలిక పోలేదు. చక్రాలను తిప్పే ర్యాకు లోపల అరిగిపోయింది. దాన్ని మార్చాలి. కొత్తది బొంబాయి నుంచి రావాలి, దానికి వారాలు పడుతుంది. సార్ ఆగేలా లేడు. కొత్త వెంచర్ ప్రారంభానికి పెద్దలొస్తున్నారు, ఆ రోజుకు కారు కావాలి.

ర్యాకు వెనక ఒక మర ఉంటుంది. కొంచెం బిగిస్తే లోపలి వదులు తగ్గుతుంది. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. బరువెక్కితే చేతికి ఏదో గట్టిగా, ఖరీదుగా అనిపిస్తుంది. మా షెడ్లలో ఫ్రీ అంటే తిట్టు, టైట్ అంటే మెచ్చుకోలు. బోల్టు టైట్, బాడీ టైట్, బండి మొత్తం టైట్ అంటే ఇక దానికి తిరుగులేదన్నమాట. ఆ మాటే నా బుద్ధిని తినేసింది. బిగించాను. ఉండాల్సిన దానికంటే బాగా బిగించాను.

మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుంది. స్టీరింగ్ పని ఏది చేసినా, బండిని మెల్లగా నడుపుతూ ఒక పక్కకు తిప్పి చేతులు వదిలేయాలి. స్టీరింగ్ తనంతట తానే మధ్యకు రావాలి. దాన్ని మేం వాపస్ అంటాం. "చెయ్యి ఇడిసి సూడు. వాపస్ రాకపోతే బండి ఇయ్యొద్దు" అనేవాడు ఉస్తాద్. ఆ ఉదయం ఫ్యాక్టరీ గోడల పక్కన నేను చేతులు వదిలి చూశాను. స్టీరింగ్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. నేనే చేత్తో సరిచేసుకున్నాను. కొత్త పని కదా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకోవాలని అనుకున్నానా? ఇన్నేళ్ళుగా ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాను, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సార్ స్వయంగా నడిపి చూశాడు. దిగి నా భుజం తట్టాడు. "ఇప్పుడైంది ఇది కారు" అన్నాడు. పక్క షెడ్ల వాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తున్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద లేవు.

తర్వాత బావ ఒకసారి చాయ్ దగ్గర అడిగాడు. "తిప్పితే మంచిగనే తిరుగుతున్నది గని, జర వాపస్ వస్తలేదు బామ్మర్దీ" అన్నాడు. నేను నవ్వాను. లారీలు తోలిన చేతులకు పెద్దింటి బండి మర్యాదలు ఏం తెలుస్తాయి అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ అంతే, తనమీద వేసిన జోకుకే ముందు నవ్వేవాడు. నేను చాయ్ తాగేసి లేచాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, సన్నగా వాన పడుతోంది. బోడుప్పల్ దాటాక ఎవరో సైకిల్ మీద అడ్డం వచ్చారు. బావ పక్కకు తిప్పాడు, సైకిల్ తప్పింది. ఇక చేతులు కాస్త వదులు చేశాడు, స్టీరింగ్ అరచేతుల్లోంచి జారుతూ తనే నిటారుగా వస్తుందని. ఏ డ్రైవరైనా అదే చేస్తాడు. అది రాలేదు. కారు తిరిగింది తిరిగినట్టే పోయి కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. వెనక సీట్లో సార్ అప్పటిదాకా నిద్రపోతున్నాడు. మెలకువ వచ్చేసరికి భుజం ఎముక విరిగి ఉంది. ఆయన అన్న మొదటి మాట, డ్రైవర్ కునికాడు అని. నిద్రపోయింది తను. ఆ నిద్రను పక్కవాడి ఖాతాలో వేశాడు.

కారును లాగించి నా షెడ్డుకే పంపారు. బావను ఉప్పల్‌లో ఒక దవాఖానాకు తీసుకెళ్ళారు, ఛాతీకి దెబ్బ, కుడి మణికట్టు విరిగింది. రెండు కబుర్లూ నాకు ఒకేసారి అందాయి.

నేను ముందు ఎక్కడికి పోయానో చెప్పాలి కదా. చెబుతాను. కారు కిందికి పోయాను. షట్టరు సగం దించి, పానా తీసుకుని, పడుకుని, ఆ మరను మామూలుగా ఉండాల్సిన చోటికి తిప్పేశాను. షోరూము వాళ్ళెవరైనా చూడటానికొస్తే ఏమీ దొరకకూడదని. చేతులు కడుక్కున్నాను. గోళ్ళలో గ్రీజు పోయేదాకా కడుక్కున్నాను. ఆ తర్వాత బావ దగ్గరికి పోయాను. అక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది, నన్ను చూడగానే ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళాను. బావ మెలకువగానే ఉన్నాడు.

"బామ్మర్దీ, బండి జూసినవా?"

"జూసిన."

"స్టీరింగ్‌ల ఏమన్న ఉన్నదా? తిప్పిన, వాపస్ రాలే. నాకు గట్లనే యాదికున్నది."

"బండిల ఏం లేదు బావా. మంచిగనే ఉన్నది."

ఆయన కట్టు కట్టిన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు జెప్పినవంటే లేనట్టే. అయితే నేనే కునికిన్నేమో."

అంతే. నేను కాదనలేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగాను.

ఒక్క మాట చెబితే ఏమయ్యేది? సార్ తిట్టేవాడు. పోలీసులు వచ్చేవాళ్ళేమో. షెడ్డు పోయేది. పోతే పోయేది, ఇంకెవరి షెడ్డులోనో పానా పట్టుకుని బతికేవాణ్ణి. ఆయన అడిగింది తప్పు ఎవరిదని కూడా కాదు. బండిలో ఏమైనా ఉందా అని అడిగాడు, అంతే. తన కళ్ళు, తన చేతులు చెప్పిన దానికంటే నా మాటను ఎక్కువ నమ్మాడు. ఎవరైనా నన్ను అంతగా నమ్మడం అదే మొదలు, అదే చివర.

సార్ బావను పనిలోంచి తీసేశాడు, కారును కూడా అమ్మేశాడు. ఉప్పల్ స్టాండులో డ్రైవర్లు బావకు పేరు పెట్టారు, కునుకు సత్తన్న అని. వాళ్ళకు అది సరదా. ఆ పేరు ఉన్న మనిషికి స్టీరింగ్ ఎవరిస్తారు? మణికట్టు బాగైంది గానీ ఆయన కూడా మళ్ళీ అడగలేదు. నేను ఒకసారి నా షెడ్డులో రిపేరైన బండిని ట్రయలుకు నడపమన్నాను. "వద్దురా, నామీద నాకే భరోసా లేదు" అన్నాడు.

చెంగిచెర్లలో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా పని దొరికింది. వాళ్ళు కుర్చీ ఇచ్చారు. ఆయన కూర్చోలేదు. ఎందుకు బావా అని అడిగితే, "కూసుంటే కునుకు వస్తది" అన్నాడు. మొదట్లో పంతం అనుకున్నాను. పంతం కాదు. ఏళ్ళపాటు ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాడు. ఒకసారి ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగితే పక్కన బస్సు ఆగింది. సగం సీట్లు ఖాళీ. బావ రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వి చెయ్యి ఊపాడు. నేను కూడా ఊపాను. ఇంకేం చేశాను చెప్పండి? ఆ ఇంటికి చేతనైన సాయం చేశాను. పిల్లలను చూసుకున్నాను. నా తమ్ముడు దేవుడు అని అక్క అందరికీ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉందని లేచి వచ్చేసేవాణ్ణి. అయినా ఆ పొగడ్త వద్దనలేదు.

రాష్ట్రం ప్రకటించిన రోజు ఉప్పల్‌లో డప్పులు, రంగులు, స్వీట్లు. ఈ రోజు చెప్పేస్తాను, ఇంత సంతోషంలో కోపం కూడా కాస్త తగ్గుతుందిలే అని లెక్కేసుకుని మిఠాయి డబ్బా కొని చెంగిచెర్ల పోయాను. చూడండి నా తెలివి, క్షమాపణకు కూడా అనుకూలమైన రోజు వెతుక్కున్నాను. బావ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి, చెప్పులు పట్టడం లేదు. నా నోట్లో ఒక ముక్క పెట్టి తనూ తిన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు. "ఆ దినం కండ్లు మూసినట్టు నాకు యాదికి లేదు బామ్మర్దీ. ఇప్పటికి గూడ లేదు. మూసే ఉంటలే. లేకుంటే గట్లెట్లయితది?"

నా నోట్లో మిఠాయి ఉంది. అది మింగాను. చెప్పాల్సింది కూడా దాంతోపాటే మింగాను.

కొన్ని నెలలకే పోయాడు. కాలిలో రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తులకు చేరిందన్నారు. అన్నేళ్ళు నిలబడటం వల్లేనా అని డాక్టరును అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన అవునంటే నేనేం కావాలి? కాదంటే నమ్ముతానా?

అపార్టుమెంటు వాళ్ళు ఆ కుర్చీని అక్కకు ఇచ్చి పంపారు, ఆయన గుర్తుగా ఉంటుందని. ప్లాస్టిక్ కుర్చీ. ఎండకు రంగు వెలిసింది గానీ, కూర్చున్న గీత ఒక్కటి లేదు. నేను వెళ్ళినప్పుడల్లా అక్క దాన్నే తెచ్చి వేస్తుంది. "కూసో తమ్మీ, మీ బావ కుర్చీ" అంటుంది. కూర్చుంటాను. ఆమె పెట్టిన చాయ్ తాగుతాను. నిద్ర ఒక్కటే ఆయన్ను ముంచింది, లేకుంటే బంగారంలాంటి మనిషి అంటుంది. నేను తలూపుతాను.

అక్కకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మీకు మాటివ్వలేను, నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకూ తెలుసు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. ఉన్నవాడు మట్టిలో కలిశాడు. ఇది చెప్పుకున్నాక మాత్రం ఛాతీలో ఏదో కాస్త వదులైనట్టుంది. ఆ తేలిక కూడా నాకు రావాల్సింది కాదు, ఆయనకు రావాల్సింది. దవాఖానాలో, ఆ ఫ్యాన్ కింద, ఒక్క మాటతో వచ్చేది. ఆ మాట ఇప్పుడు అంటున్నాను. వినేవాడు లేకపోయినా అంటున్నాను.

నువ్వు కునకలే బావా. స్టీరింగే వాపస్ రాలే.